రైతుల మొర వినిపించిన జేమ్స్ లాంగ్ దొరగారు

ధ్యాన భాగము: సామెతలు 31వ అధ్యాయము, 8, 9 వచనములు



దిక్కులేనివారి పక్షమున నోరు విప్పవలెనని లెమూయేలు రాజునకు తల్లి బుద్ధి చెప్పెను. ఈ మాట మనము గుడిలో అనేక పర్యాయములు విన్నాము. అయినను నోరు విప్పినందువలన నష్టము వచ్చునని తోచినప్పుడు మనము మెల్లగా వెనుకకు తగ్గుదుము. అట్లు వెనుకకు తగ్గని యొక దైవసేవకుని జీవితమును ఈ నెల తలంచుకొందము.

జేమ్స్ లాంగ్ గారు 1814లో ఐర్లండు దేశములోని బ్యాండన్ అను ఊర జన్మించిరి. చర్చి మిషనరీ సొసైటీవారు పంపగా 1840లో కలకత్తా చేరిరి. కొంతకాలమునకు ఆ పట్టణమునకు దాపుననున్న ఠాకూర్‌పుకూర్ గ్రామములో కాపురముండి, పిల్లలకు మాతృభాషలోనే చదువు చెప్పు బడులు నడిపిరి. బెంగాలీ భాష బాగుగా నేర్చి, జనుల నోట నున్న సామెతలను ఓపికతో పోగుచేసిరి. సామాన్యుల భాష తెలియని పాలకునికి వారి బాధ తెలియదని ఆయన నమ్మకము. 1857 తిరుగుబాటు తరువాత కూడ ఆయన ఇదే చెప్పిరి. దేశభాషా పత్రికలను దొరతనమువారు చదివియుండిన యెడల, జనుల మనస్సులో రగులుచున్నది ముందే తెలిసియుండెడిదని హెచ్చరించిరి.

ఆ దినములలో వంగదేశపు రైతులకు నీలిమందు పెద్ద శాపమైయుండెను. మన కడప సీమలోను నీలి పండెడిది గాని, వంగదేశములోని పద్ధతి మిక్కిలి కఠినమైనది. కొఠీ దొర బీఘా నేలకు రెండు రూపాయల చొప్పున బయానా ఇచ్చి, రైతుచేత కాగితము వ్రాయించుకొనును. ఆ దినము మొదలు వరి పండు మంచి నేలలో నీలి వేయవలెను. దొర కట్టిన ధరకు ఖర్చులైనను రావు. లెక్క చూచినప్పుడెల్ల రైతే బాకీ పడును. ఆ బాకీ తండ్రి నుండి కొడుకునకు దిగును. వేయనన్నవానిని కొట్టుదురు, గోదాములో మూయుదురు, వాని పశువులను తోలుకొని పోవుదురు.

1859లో నదియా, జెస్సోర్ మొదలగు జిల్లాల రైతులు ఇక నీలి వేయమని ఒక్కమాటగా నిలిచిరి. 1860లో దొరతనమువారు ఆరు నెలలకు ఒక చట్టము చేసి, ఒప్పందము తప్పిన రైతులను జైలుకు పంపిరి. అదే సంవత్సరమున విచారణ సంఘమును కూడ నియమించిరి. సాక్ష్యమిచ్చిన 134 మందిలో 77 మంది రైతులే. లాంగ్ గారును సాక్ష్యము చెప్పిరి. ఆ ఆగస్టు నెలలో గవర్నరు గ్రాంటు దొరగారు పడవపై పోవుచుండగా, కుమార్, కాళీగంగా నదుల కిరు గట్లను అరువది, డెబ్బది మైళ్ల పొడవున రైతులు నిలిచి, అల్లరి లేక న్యాయము వేడుకొనిరి. నీలి వేయుటవలన రైతునకు లాభము లేదనియు, ఆ పద్ధతియే చెడ్డదనియు విచారణలో తేలెను.

ఆ యేడే ఢాకాలో నీల్ దర్పణ్ అను నాటకము వెలువడెను. వ్రాసినవారు తపాలా శాఖలో ఉద్యోగి దీనబంధు మిత్ర. సర్కారు కొలువులో నున్నందున తన పేరు వేసికొనలేదు. ఒక రైతు కుటుంబము కొఠీ దొరల చేతిలో నాశనమైన కథ యది. లాంగ్ గారు దానిని గూర్చి వంగదేశపు సర్కారు కార్యదర్శి సీటన్‌కార్ దొరగారికి తెలిపిరి. ఆయన కోరికపై ఇంగ్లీషు అనువాదము సిద్ధమాయెను. లాంగ్ గారు దానిని సరిచూచి 500 ప్రతులు అచ్చు వేయించిరి. గవర్నరు గారికి తెలియకయే వానిలో అనేకము సర్కారు ముద్రతో తపాలాలో పోయెను.

కొఠీ దొరలు మండిపడి, ఇది ఎవరి పనియని అడిగిరి. అచ్చువేసినవానిపై నేరము మోపిరి. ఆ పేదవాడు శిక్ష పడుట లాంగ్ గారికి సమ్మతము కాలేదు. తన పేరు చెప్పుమని ఆయనే అతనితో అనిరి. అనువాదకుని పేరు మాత్రము బయట పెట్టలేదు. 1861 జూలైలో కలకత్తా సుప్రీముకోర్టులో విచారణ జరిగెను. పత్రికా సంపాదకులు దొరలకు అమ్ముడుపోయిరని నాటకపు ముందుమాటలో నుండెను. ఆ నింద పరుషమైనదే. దాని కొరకును, కొఠీ దొరలను దూషించినందుకును ఆయన నేరస్థుడని తీర్పాయెను. ఒక నెల జైలు, వెయ్యి రూపాయల జుల్మానా విధించిరి. కాళీప్రసన్న సింహ అను హిందూ యువకుడు ఆ సొమ్మును కోర్టులోనే చెల్లించెను. మతము వేరైనను, తన దేశపు రైతు కొరకు నిలిచినవానిని ఆయన తనవానిగా ఎంచెను. సీటన్‌కార్ దొరగారు కార్యదర్శి పదవిని కోల్పోయిరి.

జైలు నుండి వచ్చిన తరువాతను లాంగ్ గారు పేదల సంగతి విడువలేదు. భూస్వాములకు కట్టుబానిసలుగా నున్న రైతులకు రష్యాలో విడుదల కలిగెనని విని, చూచుటకు 1863లో అక్కడికి వెళ్లిరి. మరల వంగదేశమునకు వచ్చి సేవచేసి, ఆరోగ్యము చెడగా 1872లో స్వదేశము చేరి, 1887లో లండనులో ప్రభునందు నిద్రించిరి. ఈలోగా వంగదేశములో నీలి వ్యాపారము క్షీణించెను. అయితే ఆ దుర్మార్గము బీహారులో నిలిచి, 1917లో గాంధీగారు చంపారణ్యము వెళ్లువరకు రైతులను బాధించెను. ఒక్కని సాక్ష్యముతో సమస్తము తీరిపోదు. అయినను మొదట నొకడు పలుకవలెను గదా!

ప్రియులారా, మన గ్రామములలో చదువకయే నిశానీ వేయువారు నేటికిని కలరు. పింఛను రానివారు, పట్టా చేతికి అందనివారు మన ప్రక్క బల్లపైనే కూర్చుండి ప్రార్థించుచున్నారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము వలన సర్కారు కాగితమును అడిగి చూచు హక్కు మనకున్నది. చదువు వచ్చిన మనము వారి అర్జీ వ్రాసిపెట్టుచున్నామా? దానిక్రింద మన పేరు వేయుటకు జంకుచున్నామా? మన మాటలో నిజము నుండవలెను, అతిశయోక్తి యుండరాదు. తప్పు వచ్చినయెడల దానిని బలహీనునిపైకి నెట్టక, మనమే నిలిచి ఉత్తరము చెప్పవలెను.

ప్రార్థన: న్యాయాధిపతివైన తండ్రీ, పొరుగువాని బాధను వినుటకు చెవులను, దానిని పాలకుల యెదుట నిర్భయముగా పలుకుటకు నోటిని మాకు దయచేయుము. ఆమేన్.