సర్ రొనాల్డ్ రాస్ - పది అణాల ఋణం

బోధన్ చెరకు తోటల నడుమ, నిజాంసాగర్ కాలువల వెంట ఉండే మనకు చలిజ్వరం కొత్త కాదు. ఆ జ్వరం గుట్టు మన సికింద్రాబాద్‌లోనే విప్పిన సర్ రొనాల్డ్ రాస్ గారిని ఈ సందర్భంలో తలచుకుందాం.

రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. తండ్రి ఫౌజులో జనరల్. కొడుక్కి కవిత్వమంటే మోజు. అయినా తండ్రి మాట మీద వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని చాలామంది నమ్మే రోజులవి. దోమ మీద కన్నేయమని లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ గారు దారి చూపారు.

రాస్ గారు దోమలను కోసి చూసేవారు. గాలికి ఎగిరిపోతాయని, ఎంత ఉక్కపోసినా పంకా పెట్టుకోలేదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమకు ఒక అణా చొప్పున, పది అణాలకు పది దోమలతో కుట్టించుకున్నాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో మలేరియా క్రిమి దొరికింది. 1898లో కలకత్తాలో మహమ్మద్ బక్ష్ సాయంతో పక్షుల మీద పరీక్షలు చేసి, దోమకాటే రోగాన్ని మోస్తుందని తేల్చారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబర్ 16న లండన్‌లో కన్నుమూశారు.

మేము బళ్ళో చాలా ఏళ్ళు రాస్ పేరొక్కటే చెప్పి ఊరుకున్నాము. జ్వరంతో ఉండి ఒళ్ళు అప్పగించిన హుసేన్ ఖాన్‌ను మరవడం మా పొరపాటే. ఇప్పుడు బోర్డు మీద రెండు పేర్లూ రాస్తున్నాము. మొహల్లాలో నీళ్ళు నిలవకుండా చూసుకుంటే ఆ పది అణాల ఋణం కొంతైనా తీరుతుంది.