దుర్గాబాయమ్మయు కుటుంబ న్యాయస్థానమును

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు విననివారు తెలుగునాట అరుదు. ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగిన ధీరగా, ఆంధ్ర మహిళాసభను స్థాపించిన సేవాపరాయణగా ఆమెను విద్యార్థు లెరుగుదురు. భార్యాభర్తలు విడిపోవలసివచ్చినపుడు న్యాయస్థానము వారియెడ నెట్లు మెలగవలెనను ప్రశ్నతో ఆమె జీవితమునకు గల సంబంధము మాత్ర మంతగా ప్రచారములోనికి రాలేదు.

ఆమె 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ యేటనే వివాహము జరిగెను. పదునైదేండ్ల ప్రాయమున, తాను కాపురమునకు రాజాలనని భర్తకు తెలియజెప్పి, వేరొకరిని వివాహమాడుమని కోరెను. తండ్రియు సోదరుడును ఆమెకు అండగా నిలిచిరి.

నాటి హిందూ ధర్మశాస్త్రమున పురుషుడు మరల పెండ్లి యాడవచ్చును. స్త్రీకి, కులాచారము అనుమతించినచోట తప్ప, బంధవిముక్తి లేదు. భర్త మరల గృహస్థుడయ్యెను. ఆమె మాత్రము చట్టము దృష్టిలో ఆయన భార్యగనే మిగిలెను. 1941లో ఆయన మరణించిన పిమ్మట, దిక్కులేనిదైన ఆయన రెండవ భార్యను దుర్గాబాయియే ఆదరించి, వృత్తి నేర్పించి, స్వయంపోషణకు దారి చూపెను. వివాహము విఫలమైనపుడు స్త్రీకి కలుగు నిరాధారతను ఆమె ఇట్లు ప్రత్యక్షముగ చూచెను.

పిదప న్యాయశాస్త్ర పట్టము పొంది, మద్రాసున న్యాయవాదియై, రాజ్యాంగ పరిషత్తున సభ్యురాలయ్యెను. 1953లో చింతామన్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. ఆ యేడే చైనాలో పర్యటించి, కుటుంబ తగవులకు అచట గల ప్రత్యేక న్యాయస్థానములను పరిశీలించెను. తిరిగివచ్చి, మన దేశమునను అట్టివి కావలెనని నెహ్రూతోను, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కరులతోను చర్చించెను.

ఈలోగా చట్టమును మారుచుండెను. నెల్లూరు సీమ మద్రాసు రాష్ట్రములో నున్నపుడే, 1949లో ఆ రాష్ట్రము హిందువులకు విడాకుల హక్కు కల్పించెను. 1955లో హిందూ వివాహ చట్టము వచ్చెను. నేడు మైపాడు తీరమందలి హిందూ స్త్రీ విడాకులు కోరినచో, తాను నివసించుచోటి న్యాయస్థానముననే అర్జీ దాఖలు చేయవచ్చును. సాధారణముగ వివాహమై యేడాది గడచియుండవలెను. క్రూరత్వము, రెండేండ్ల పరిత్యాగము వంటి కారణమును చూపి, ఋజువు చేయవలెను. ప్రతివాదికి నోటీసు పోవును. ఇరుపక్షములకు వాదము వినిపించు అవకాశ మిచ్చిన పిమ్మటనే తీర్పు. ఇరువురకు సమ్మతమైనచో, ఏడాది వేరుగ నున్న తరువాత ఉమ్మడి అర్జీ నీయవచ్చును. ఆరు నెలలు గడచిన పిదప తమ కోరికను మరల తెలుపవలెను. ఈ పద్ధతి 1976లో చేరినది. ఆ గడువును తగిన సందర్భమున సడలింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

1981 మే 9న దుర్గాబాయి కన్నుమూసెను. మూడేండ్లకు, 1984లో, కుటుంబ న్యాయస్థానముల చట్టము వెలువడినది. అచట న్యాయాధిపతి తొలుత రాజీకి యత్నింపవలెను. కక్షిదారు కోరినచో విచారణ రహస్యముగ జరుగును.

ఆలుమగల తగవు పొలము గట్టు తగవు వంటిది కాదు. అందు గెలుపోటములకన్న, ఓడినవారు రేపు ఎట్లు బ్రతుకుదురనునదే ముఖ్యము. చట్టము ఆదుకొనని కాలమున దుర్గాబాయమ్మ సవతి నాదరించి ఆచరించి చూపిన ధర్మ మిదియే.