దీనబంధు ఆండ్రూస్

దీనబంధు అంటే దిక్కులేనివారికి చుట్టం. మన దేశంలో ఈ బిరుదు పొందిన కొద్దిమందిలో ఒకరు ఇంగ్లీషువారు. ఆయన పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. మనల్ని పాలించిన జాతిలో పుట్టి, ఆ పాలన పోవాలని కోరిన మనిషి. ఆయన రాజకీయ నాయకుడు కాదు, క్రైస్తవ గురువు. మతగురువుకు రాజకీయాలతో ఏం పని అని ఆయన కాలంలో చాలామంది అడిగారు. ఆయన జీవితం చదివితే ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చుకున్న జవాబు తెలుస్తుంది.

ముందుగా ఒక పాత సంగతి గుర్తు చేసుకుందాం. క్రైస్తవం మొదట రాజుల మతం కాదు. రోమన్ సామ్రాజ్యంలో అది జాలరులు, చేతిపనివారు, బానిసల మధ్య పెరిగింది. ఆదిమ సంఘంలో కలిగినవారు తమ ఆస్తిని లేనివారితో పంచుకున్నారని, బానిస, యజమాని ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని ఆ మత గ్రంథాలే చెబుతున్నాయి. కొట్టినవాణ్ణి తిరిగి కొట్టవద్దని, శత్రువును కూడా ప్రేమించమని ఏసు కొండమీది ప్రసంగంలో బోధించాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే అది తనకు పెట్టినట్టేనని మరోచోట చెప్పాడు. సుమారు 300 ఏళ్ళు ఈ బోధ అధికారం లేనివారి బోధగానే ఉంది. క్రీ.శ. 313లో చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా అదే రాజమతమైంది. ఆ తర్వాత సామ్రాజ్యాలు శిలువ గుర్తుతోనే దండెత్తాయి. భారతదేశాన్ని ఏలిన బ్రిటిష్ రాజు కూడా తన దేశంలో మతసంఘానికి అధిపతే. పాత బోధకూ కొత్త రాజ్యానికీ మధ్య పెరిగిన ఈ దూరమే ఆండ్రూస్‌ను జీవితాంతం కలతపెట్టింది.

ఆయన 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో పుట్టి, బర్మింగ్‌హామ్ నగరంలో పెరిగాడు. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో గురువు. తల్లి తరఫు ఆస్తిని నమ్మి ఒక స్నేహితుడి చేతికి అప్పగిస్తే, అతను దాన్ని జూదం లాంటి వ్యాపారంలో పోగొట్టాడు. ఇల్లు ఒక్కసారిగా పేదదైపోయింది. ఆ రాత్రి ఇంటి ప్రార్థనలో తండ్రి ఆ స్నేహితుణ్ణి శపించలేదు, అతని మేలు కోరి ప్రార్థించాడు. పిల్లవాడైన ఆండ్రూస్ మనసులో ఈ సంఘటన నాటుకుపోయింది.

కేంబ్రిడ్జిలో చదువుతుండగా ఆయన రాసిన వ్యాసం 1896లో పుస్తకంగా వచ్చింది. అందులోని విషయం పెట్టుబడిదారులకూ కార్మికులకూ జరుగుతున్న పోరాటంలో క్రైస్తవ ధర్మం ఏమిటన్నది. పాతికేళ్ళ విద్యార్థి ఎంచుకున్న విషయం చూడండి! తర్వాత ఆయన గురువుగా దీక్ష తీసుకుని, దక్షిణ లండన్‌లోని పేదల వాడల్లో పనిచేశాడు.

1904 మార్చిలో ఆండ్రూస్ ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు అధ్యాపకుడుగా వచ్చాడు. అక్కడ సుశీల్ కుమార్ రుద్ర అనే బెంగాలీ క్రైస్తవుడు ఎన్నో ఏళ్ళుగా బోధిస్తున్నాడు. 1906లో ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. భారతీయుడి కింద ఇంగ్లీషు అధ్యాపకులు ఎలా పనిచేస్తారని పెద్దలు సందేహించారు. రుద్ర ఉండగా మరొకరికి ఆ పదవి ఇవ్వడం అన్యాయమని ఆండ్రూస్ పట్టుపట్టాడు. ఆ విధంగా రుద్ర ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యాడు. ఇది చిన్న విషయంలా కనబడవచ్చు. కాని ఒకే దేవుణ్ణి కొలిచే ఇద్దరు మనుషుల మధ్య కూడా రంగు అడ్డం వచ్చిందని గమనించండి. ఆదిమ సంఘంలో యూదుడని, గ్రీకువాడని తేడా లేదన్న పౌలు బోధను ఆండ్రూస్ ఒక కళాశాల ఉద్యోగం దగ్గర అమలు చేయించాడు.

1913లో దక్షిణాఫ్రికాలో గాంధీ నాయకత్వాన భారతీయుల సత్యాగ్రహం ఉధృతంగా సాగుతోంది. గోపాలకృష్ణ గోఖలే కోరిక మీద ఆండ్రూస్, ఆయన మిత్రుడు పియర్సన్ ఓడ ఎక్కారు. 1914 జనవరిలో డర్బన్ రేవులో దిగగానే ఆండ్రూస్ వంగి గాంధీ పాదాలు తాకాడు. ఒక తెల్లవాడు నల్లవాడి కాళ్ళకు మొక్కడమా అని అక్కడి తెల్లవారు మండిపడ్డారు. గాంధీకీ జనరల్ స్మట్స్‌కూ మధ్య రాజీ కుదర్చడంలో ఆండ్రూస్ తోడ్పడ్డాడు. అప్పటినుంచి వారిద్దరూ ఒకరికొకరు మోహన్, చార్లీ అయ్యారు. గాంధీని పేరు పెట్టి పిలిచే చనువు ఎంతమందికి ఉంది?

అదే సంవత్సరం ఆయన ఢిల్లీ ఉద్యోగం వదిలి, రవీంద్రనాథ్ టాగూర్ ఉన్న శాంతినికేతన్ చేరాడు. గురువుగా చేసే విధులు కూడా మానుకున్నాడు. తమ విశ్వాసం లేనివారికి శాశ్వత శిక్ష తప్పదని చెప్పే పాత ప్రమాణాన్ని ఆరాధనలో చదవడానికి ఆయన నోరు రాలేదు. టాగూర్, గాంధీ లాంటివారిని ఎరిగిన మనిషి ఆ మాట ఎలా పలుకుతాడు? జీతం, హోదా పోయాయి. తోటి గురువులు కొందరు దూరమయ్యారు. ఏసు మీద భక్తి మాత్రం ఆయనకు ఏమీ తగ్గలేదు.

ఆయన చేసిన పనుల్లో మన తెలుగువారికి దగ్గరి సంబంధం ఉన్నది ఫిజీ కూలీల విముక్తి. ఫిజీ పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశం. అక్కడి చెరకు తోటల్లో పనికి 1879 నుంచి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులను ఓడల్లో తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్ళాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వేలిముద్ర వేసిన కాగితం అయిదేళ్ళ ఒప్పందం. అగ్రిమెంటు అనే మాట కూలీల నోట గిర్మిట్ అయింది. పని సరిగా చేయకపోతే, చెప్పకుండా వెళ్ళిపోతే అది నేరం. కోర్టులో జరిమానా, జైలు. నూరుమంది మగవారికి 40 మంది ఆడవారు చాలని ప్రభుత్వమే లెక్క కట్టింది. కూలి లైన్లలో ఆ ఆడవారి బతుకు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. కొట్లాటలు, హత్యలు, ఆత్మహత్యలు అక్కడ మామూలైపోయాయి.

1915లో ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ వెళ్ళి లైన్లలో తిరిగారు. కూలీలతో, వైద్యులతో, తోటల యజమానులతో మాట్లాడారు. 1916లో తమ నివేదిక వెలువరించారు. ఇందులో తిట్లు లేవు. చూసినవి, విన్నవి, లెక్కలు ఉన్నాయి. బానిసత్వాన్ని రద్దు చేశామని చెప్పుకునే క్రైస్తవ దేశం దాన్నే మరో పేరుతో నడుపుతోందని చదివినవారికి అర్థమైంది. ఆ ఏడాది మార్చిలో మదనమోహన మాలవీయ శాసనమండలిలో తీర్మానం పెట్టగా, వైస్రాయి హార్డింజ్ ఈ పద్ధతిని రద్దు చేయడానికి ఒప్పుకున్నాడు. కాని ఇంకా కొన్నేళ్ళు కూలీలను పంపాలని లోపల మాటలు సాగాయి. దేశమంతా సభలు జరిగాయి. 1917లో కూలీల ఓడలు ఆగాయి. ఆండ్రూస్ ఆ ఏడాది మళ్ళీ ఫిజీ వెళ్ళాడు. అప్పటికే అక్కడ ఉన్నవారి ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి. ఫిజీలోని భారతీయులు ఆయన్ని దీనబంధు అన్నారు.

ఆయన గాంధీ చెప్పిందల్లా తలూపే మనిషి కాదు. 1918లో గాంధీ యుద్ధానికి సిపాయిలను చేర్పించబోతే, అహింసను బోధించే మీరు ఇలా చేయవచ్చునా అని నిలదీశాడు. 1921లో విదేశీ వస్త్రాలను తగలబెట్టడం ఆయనకు నచ్చలేదు. సాటి మనుషులు చేతులతో నేసిన గుడ్డను కాల్చడంలో ద్వేషం వాసన ఉందని ఆయన బాధ. అయితే భారతదేశానికి పూర్తి స్వాతంత్ర్యం కావాలని అదే ఏడాది ఆయన రాశాడు. కాంగ్రెసు ఆ లక్ష్యాన్ని తీర్మానించింది 1929లో.

1922 సెప్టెంబరులో ఆయన పంజాబు వెళ్ళాడు. జలియన్‌వాలా బాగ్ కాల్పుల తర్వాత, 1919లో, అమృత్‌సర్‌లో అడుగు పెట్టనీయకుండా ఆయన్ని అధికారులు వెనక్కి పంపారు. ఈసారి ఎవరూ ఆపలేదు. అమృత్‌సర్ దగ్గర గురు కా బాగ్ అనే గురుద్వారా ఉంది. దాని భూమి మీద మహంతుకూ అకాలీ సిక్కులకూ తగాదా. వంటశాలకు అక్కడి కట్టెలు కొట్టుకున్నందుకు సిక్కులను దొంగలన్నారు, అరెస్టు చేశారు. తర్వాత కొట్టడం మొదలుపెట్టారు. నల్ల తలపాగాలకు తెల్లని పూలదండలు చుట్టుకుని, చెయ్యి ఎత్తబోమని ప్రమాణం చేసి వారు రోజూ వచ్చేవారు. ఆండ్రూస్ చూస్తుండగా నలుగురు అకాలీలు చేతులు జోడించి పోలీసుల ముందు నిలబడ్డారు. ఇత్తడి పొన్నులు వేసిన లాఠీలతో కొడితే పడిపోయారు. లేచి మళ్ళీ అక్కడే నిలబడ్డారు. వారిలో చాలామంది మొన్నటి యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడిన సిపాయిలు.

ఏసు శిలువ మీద పడిన బాధ తన కళ్ళముందు మళ్ళీ కనబడిందని ఆండ్రూస్ పత్రికల్లో రాశాడు. ఈ పోలికలో ఎంత సాహసం ఉందో ఆలోచించండి. దెబ్బలు తిన్నవారు సిక్కులు. కొట్టించిన ప్రభుత్వం క్రైస్తవ రాజుది. అంటే ఆదిమ క్రైస్తవులు రోములో నిలబడిన చోట ఇప్పుడు సిక్కులు నిలబడ్డారు, రోము అధికారులు నిలబడిన చోట తన దేశస్థులు నిలబడ్డారు. ఆండ్రూస్ వెంటనే పంజాబు గవర్నరును కలుసుకుని చూసింది చెప్పాడు. గవర్నరు స్వయంగా అక్కడికి వెళ్ళాడు. ఆ తర్వాత కొట్టడం ఆగింది.

మిగిలిన జీవితమంతా ఆయన కాలికి చక్రం కట్టుకున్నట్టే తిరిగాడు. 1924లో హిందూ ముస్లిం ఐక్యత కోసం గాంధీ 21 రోజులు ఉపవాసం ఉంటే పక్కనే ఉండి సేవ చేశాడు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. ఏ చట్టసభలోనూ కూర్చోలేదు. చేతికి అందిన డబ్బు ఎదురైన పేదవాడికి ఇచ్చేసేవాడు. ఇతరుల దుస్తులు వేసుకుని ఊరు దాటేవాడు. ఇది స్నేహితులకు విసుగు, నవ్వు రెండూ తెప్పించేది. చివరి సంవత్సరాల్లో మళ్ళీ గురువుగా విధులు స్వీకరించాడు.

1940 ఏప్రిల్ 5న ఆండ్రూస్ కలకత్తాలో మరణించాడు. లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఆయన జ్ఞాపకార్థం శాంతినికేతన్‌కు అయిదు లక్షల రూపాయలు పోగుచేసే బాధ్యతను గాంధీ తన మీద వేసుకున్నాడు. 1942 మే నెలలో బొంబాయి వెళ్ళి చందాలు అడిగి ఆ మొత్తం పూర్తి చేశాడు. ఇంగ్లీషువారు భారతదేశాన్ని విడిచి వెళ్ళాలని ఆయన అదే నగరంలో పిలుపు ఇచ్చింది ఆ ఆగస్టులోనే.