పురనిర్మాత రామదాసు

శ్రీరామనవమికి భద్రాచలమునకు బోవు యాత్రికులు గోదావరిలో మునిగి, కొండ యెక్కి, కల్యాణము జూచి, తలంబ్రాలు కొంగున ముడిచికొని మరలివత్తురు. ఆలయము చుట్టు వెలసిన వీధులను, మండపములను, సత్రములను నిదానముగ దిరిగి చూచువారు కొలదిమంది. ఒక యూర నివసించుట వేరు, ఆ యూరి నెఱుగుట వేరు. భద్రాచలము నెఱుగగోరువారు మొదట కంచర్ల గోపన్న జీవితము నెఱుగవలెనని మా యభిప్రాయము.

గోపన్న 17వ శతాబ్దమువాడు. జన్మస్థలము ఖమ్మము ప్రాంతమందలి నేలకొండపల్లి. అది సామాన్య గ్రామము కాదు. బౌద్ధస్తూపమును, పురాతనపు దిబ్బలును గల ప్రాచీన నివేశము. లింగన్న, కామాంబ లీతని తల్లిదండ్రులు. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా కొలువున మంత్రులైన అక్కన్న, మాదన్న లీతనికి మేనమామలని ప్రతీతి. ఆ ప్రాపున నాతనికి పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి లభించెను.

ఆనాటి భద్రగిరి యడవి నడుమ నున్న చిన్న కొండ. పోకల దమ్మక్క యను గిరిజన స్త్రీ యచ్చటి విగ్రహములను గనుగొని తాటాకు పందిరి వేసి పూజించెనని స్థలపురాణము. ఆ పందిరి యున్నచోట గోపన్న రాతి యాలయమును లేపెను, ప్రాకారము గట్టించెను, నగలు చేయించెను. గుడి వెలసినచోట నర్చకులు, మేళగాండ్రు, వంటవారు, పూలవారు, వర్తకులు చేరుట సహజము. అడవి యంచున నొక పట్టణ మిట్లు మొలచెను. కోయలును, నదికి దిగువనుండి వచ్చు యాత్రికులును, గోలకొండ యుద్యోగులును కలిసికొను కూడలి యాయెను.

ఈ వ్యయమునకు సొమ్మెక్కడిది? ప్రజల విరాళములు చాలక, ఖజానాకు బంపవలసిన శిస్తును గోపన్న సర్కారు సెలవు లేకయే వెచ్చించెనని సంప్రదాయము. ఆ మొత్తము 6 లక్షల వరహాలని చెప్పుదురు. ఫలితముగ గోలకొండ చెఱసాలలో 12 సంవత్సరములు బాధ లనుభవించెనని ప్రసిద్ధి. ఆ కోటలో రామదాసు బందిఖానా యని నేటికిని చూపుచున్నారు.

మేమిచ్చట భక్తిచేత కన్నులు మూసికొనజాలము. అప్పగించిన ప్రజాధనమును సెలవులేక వెచ్చించుట తప్పే. ఉద్దేశ మెంత పవిత్రమైనను లెక్క చెప్పవలసిన బాధ్యత తొలగదు. అయినను రెండవవైపు చూడవలెను. పరగణా రైతు చెమటోడ్చి చెల్లించిన శిస్తు రాజధానికి బోయి మరలివచ్చుట యరుదు. గోపన్న చేతిలో నందొక భాగము రైతు కన్నులయెదుటనే నిలిచినది. మఱియు నాతడు లెక్క దాచలేదు. చెఱలో పాడిన యొక కీర్తనలో సీతకును, రాముని తమ్ములకును దాను చేయించిన సొమ్ములను, వాని వెలలను వరుసగ నెన్నెను. అది భక్తుని మొఱయే గాక తహసీల్దారు జమాఖర్చుకూడ.

రామలక్ష్మణులు సేవకుల రూపమున వచ్చి రాత్రివేళ తానీషాకు సొమ్ము చెల్లించిరని కథ. ఏమైనను గోపన్న విడుదలయ్యెను. 1686లో అక్కన్న, మాదన్నలు హత్యకు గురియైరి. 1687లో ఔరంగజేబు గోలకొండను బట్టెను. చెఱపెట్టిన తానీషాయే దౌలతాబాదు కోటలో బందీయై కన్నుమూసెను.

ఏలికలు మారిరి, ఎల్లలు మారెను. భద్రాచలము 1860లో నైజామునుండి యాంగ్లేయుల కిచ్చివేయబడెను. 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాలో జేరెను. 2014లో చుట్టుపట్ల గ్రామములు పెక్కు లాంధ్రప్రదేశమునకు బోగా పట్టణము తెలంగాణమున నిలిచెను. 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఇన్ని మార్పులలోను ఆలయము, కీర్తనలు, నవమినాడు ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలు సమర్పించు నాచారము చెడలేదు.

పట్టణవాసులు, భూస్వాములు గమనింపదగిన దిదియే. ఊరిని బ్రతికించునది యెల్లరాయి గాదు; అందు వెచ్చించిన శ్రద్ధ. గోపన్న శ్రద్ధను మన మవలంబింతము. ఆతని తొందరను విడిచి, ప్రతి కాసునకు ముందుగనే లెక్క వ్రాయుదము. ఈసారి భద్రాచలము పోవువారు కల్యాణమైన మఱునాడొక్క పూట యచ్చట నిలిచి, ఆ వీధులలో దిరిగి, అచ్చటి వృద్ధులతో మాటలాడి రావలెనని మా కోరిక.