ఒంగోలు కొండ ఎక్కిన దొరగారు

రక్షణ పొందిన కొత్తలో ఉన్న ఆసక్తి చల్లారడం మనకు తెలిసిందే. లైమన్ జ్యూయెట్ దొరగారికి అందుకు కారణాలు చాలానే ఉన్నాయి. 1849లో నెల్లూరు వచ్చారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే. 1853లో అమెరికా పెద్దలు మిషన్ మూసేద్దామా అని ఆలోచించారు.

1854 జనవరి 1న, తెల్లవారుజామున, భార్యతోను, ముగ్గురు స్థానిక విశ్వాసులతోను ఆయన ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఉత్సాహం వచ్చాక ఎక్కారా, ఎక్కాక వచ్చిందా, ఎవరు చెప్పగలరు? ఎక్కారు, అంతే.

1862లో జబ్బుపడి స్వదేశం వెళ్తే మళ్లీ అదే మూసివేత మాట. ఒంటరిగానైనా తిరిగి వెళ్తానని పట్టుబట్టారు. 1865లో యువకుడు జాన్ క్లౌను వెంటబెట్టుకుని వచ్చారు. ఆ క్లౌ దొరగారి పరిచర్యలో, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.