గంధకాన్ని నమ్ముకున్న ఛార్లెస్ గుడ్‌ఇయర్

టైర్ల మీద గుడ్‌ఇయర్ అనే పేరు మనమంతా చూసిందే. ఆ కంపెనీ పెట్టింది ఆయన కాదు. ఆయన చనిపోయిన 38 ఏళ్లకు, 1898లో, వేరెవరో పెట్టి గౌరవంగా ఆ పేరు తగిలించారు. పీజీలో పాలిమర్ల పాఠం చదువుతుంటే ఆయన కథ మాకు తెలిసింది. హాస్టల్ తమ్ముళ్లకు చెప్పాలనిపించింది.

ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1800 డిసెంబరు 29న అమెరికాలోని న్యూహేవెన్‌లో జన్మించారు. కాలేజీ గడప తొక్కలేదు, కెమిస్ట్రీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇనుప సామాన్ల వ్యాపారం దెబ్బతిని, అప్పు తీర్చలేక జైలుకెళ్లారు. రబ్బరు ప్రయోగాలు మొదలైంది ఆ జైల్లోనే.

అప్పట్లో రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి పగిలిపోయేది. దాన్ని బాగుచేయాలన్న పిచ్చిలో ఆయన ఇంట్లో సామాన్లు అమ్మేశారు. చివరికి పిల్లల బడి పుస్తకాలు కూడా అమ్మేశారు. ఇది చదివినప్పుడు మాకు ఆయన మీద గౌరవంతోపాటు కోపమూ వచ్చింది. పుస్తకం విలువ మన హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా?

రబ్బరులో గంధకం కలపడం ఆయనకు తెలిసింది నథానియల్ హేవార్డ్ అనే పనివాడి ద్వారా. ఈ పేరు చాలామంది మరిచిపోతారు. 1839లో ఆ మిశ్రమం వేడి పొయ్యికి తగిలితే కరగకుండా తోలులా గట్టిపడింది. రబ్బరు అణువులు పొడవాటి దారాల్లాంటివి. వేడిలో గంధకం వాటి మధ్య వంతెనలు కట్టి, జారిపోకుండా పట్టి ఉంచుతుంది. దీన్నే వల్కనైజేషన్ అంటారు.

1844లో పేటెంటు వచ్చింది. ఇంగ్లండులో మాత్రం థామస్ హాన్‌కాక్ ముందే దరఖాస్తు పెట్టేసుకున్నారు. 1855లో పారిస్‌లోనూ ఆయన అప్పుల జైలు చూశారు. 1860 జులై 1న న్యూయార్క్‌లో కన్నుమూసే నాటికి మిగిలిన అప్పు సుమారు 2 లక్షల డాలర్లు.

గంధకం కథ అక్కడితో ఆగలేదు. గంధకం అణువు కాంతిని బాగా వంచుతుంది. మామూలు ప్లాస్టిక్ కళ్లద్దాల వక్రీభవన గుణకం 1.50 అయితే, గంధకమున్న పాలిమర్లది 1.67, 1.74 దాకా ఉంటుంది. అందుకే సోడాబుడ్డి అద్దాలు పలచబడ్డాయి. 2013లో అరిజోనా విశ్వవిద్యాలయం వారు పెట్రోలు శుద్ధిలో గుట్టలుగా మిగిలే గంధకాన్ని 185 డిగ్రీలకు కాచి, కొద్దిగా కర్బన పదార్థం కలిపి హైబ్రిడ్ పాలిమర్ చేశారు. దానితో చేసిన కటకం గుండా పరారుణ కిరణాలు సాగిపోతాయి. చీకట్లో వేడిని బట్టి చూసే కెమెరాలకు పనికొస్తుంది. గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం చిటికెడు, ఇక్కడ గంధకమే ఎక్కువ. అందుకే ఈ పద్ధతికి వారు పెట్టిన పేరు ఇన్వర్స్ వల్కనైజేషన్.