గురువు అప్పగించిన అమానతు: అల్లామా సయ్యద్ సులైమాన్ నద్వీ (రహ్మలై)

ఒకరు మొదలుపెట్టిన మంచి పనిని మరొకరు పూర్తిచేయడం మన ఇళ్ళల్లో కొత్త కాదు. తండ్రి పునాది వేసిన ఇంటిని కొడుకు కడతాడు. అన్న తీర్చలేకపోయిన అప్పును తమ్ముడు తీరుస్తాడు. కాని ఒకరు మొదలుపెట్టిన గ్రంథాన్ని మరొకరు పూర్తిచేయడం అంత తేలిక కాదు. గోడలో ఏ ఇటుక ఎవరు పేర్చారో ఎవరూ అడగరు. గ్రంథంలో మాత్రం ప్రతి మాటకూ జవాబు చెప్పుకోవలసినవాడు ఒకడుంటాడు. ఆ గ్రంథం దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) జీవిత చరిత్ర అయినప్పుడు ఆ జవాబుదారీ ఈ లోకంతో ముగిసిపోదు.

ఉర్దూ తెలిసిన ముస్లిం కుటుంబాలకు 'సీరతున్నబీ' పేరు సుపరిచితమే. ఏడు సంపుటాల ఆ గ్రంథం ముఖపత్రం మీద రెండు పేర్లు కనిపిస్తాయి. మొదటిది గురువు అల్లామా షిబ్లీ నోమానీ (రహ్మలై) గారిది. రెండవది శిష్యుడు సయ్యద్ సులైమాన్ నద్వీ (రహ్మలై) గారిది. గురువు తలపెట్టిన పనిని జీవితాంతం మోసిన ఆ శిష్యుని గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

దెస్నా గ్రామం నుండి లక్నోకు

సయ్యద్ సులైమాన్ 1884 నవంబరు 22న బీహారులోని దెస్నా గ్రామంలో జన్మించారు. ఆ ఊరు అప్పట్లో పట్నా జిల్లాలో ఉండేది. ఇప్పుడది నలందా జిల్లాలో ఉంది. తండ్రి హకీం అబుల్ హసన్ యునానీ వైద్యులు, భక్తిపరులు. ప్రాథమిక విద్య ఇంటి దగ్గరే జరిగింది. ఆ తర్వాత ఫుల్వారీ షరీఫ్‌లో, దర్భంగాలో చదువుకుని, 1901లో లక్నోలోని నద్వతుల్ ఉలమా దారుల్ ఉలూమ్‌లో చేరారు. ధర్మజ్ఞానంతోపాటు మారుతున్న కాలాన్ని కూడా అర్థం చేసుకోగల ఉలమాను తయారుచేయాలన్నది ఆ విద్యాలయం ఆశయం.

నాలుగేళ్ళ తర్వాత, 1905లో, ఆ విద్యాలయ బోధనా బాధ్యతలు స్వీకరించడానికి హైదరాబాదు నుండి ఒక విద్వాంసుడు వచ్చారు. ఆయనే షిబ్లీ నోమానీ. ఆజంగఢ్ జిల్లా బిందావల్ గ్రామంలో 1857లో జన్మించిన షిబ్లీ గారు అలీగఢ్ కళాశాలలో సుమారు 16 సంవత్సరాలు బోధించారు. 1892లో టర్కీ, సిరియా, ఈజిప్టు దేశాలకు వెళ్ళి అక్కడి గ్రంథాలయాలను చూసి వచ్చారు. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) జీవితంపై 'అల్ ఫారూఖ్' రచించారు. 1901 నుండి 1905 వరకు హైదరాబాదు నిజాం ప్రభుత్వంలో విద్యా గ్రంథ రచనా శాఖకు అధిపతిగా పనిచేశారు. 'అల్ గజాలీ', 'ఇల్ముల్ కలామ్' వంటి గ్రంథాలు ఆ రోజుల్లోనే వెలువడ్డాయి.

ఆ గురువు కన్ను ఈ శిష్యుని మీద పడింది. 1907లో నద్వా పట్టభద్రులకు తలపాగా చుట్టే సభ లక్నోలో జరిగింది. ఆ సభలో సులైమాన్ గారిని అప్పటికప్పుడు ఒక అంశమిచ్చి అరబీలో మాట్లాడమన్నారు. ఏ తయారీ లేకుండా ఆయన చేసిన ప్రసంగం విని పండితులు ఆశ్చర్యపోయారు. షిబ్లీ గారి ఆనందానికి అవధుల్లేవు. నిండు సభలో తన తలపాగా తీసి శిష్యుని తలకు చుట్టారు. ఆ తలపాగాతోపాటు ఎంత బరువు తన తల మీదికి రాబోతున్నదో ఆ 22 ఏళ్ళ యువకునికి అప్పుడు తెలియదు.

మహాకార్యానికి శ్రీకారం

ఆ రోజుల్లో ఇంగ్లీషు చదువులు చదివిన ముస్లిం యువకులు తమ ప్రవక్త (సఅసం) జీవితాన్ని విలియం మ్యూర్, మార్గోలియత్ వంటి పాశ్చాత్యుల పుస్తకాల ద్వారా తెలుసుకునేవారు. ఆ పుస్తకాలలో అరబీ గ్రంథాల ప్రస్తావన ఉండేది గాని, ఏ ఉల్లేఖనం బలమైనదో, ఏది బలహీనమైనదో వేరుచేసే హదీసు శాస్త్ర నియమాలకు వాటిలో తగిన చోటు ఉండేది కాదు. చదివిన యువకుల మనసుల్లో సందేహాలు నాటుకునేవి. కోపంతో ఖండించినంత మాత్రాన ఆ సందేహాలు తీరవని షిబ్లీ గారు గ్రహించారు. మూలాధారాలన్నిటినీ పరిశీలించి, ప్రతి ఉల్లేఖనాన్నీ తూచి, సమగ్రమైన జీవిత చరిత్ర రాయాలని సంకల్పించారు.

అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. 1907లోనే ఇంట్లో ప్రమాదవశాత్తు తుపాకీ పేలి ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. అయినా ఆయన వెనుకంజ వేయలేదు. గ్రంథాలు సేకరించాలి, సహాయకులకు జీతాలివ్వాలి. 1912లో ఆయన సమాజాన్ని విరాళాలు కోరారు. భోపాల్ పాలకురాలు నవాబు సుల్తాన్ జహాఁ బేగం ఆ ఖర్చు తాను భరిస్తానని ముందుకు వచ్చి, నెలకు 200 రూపాయలు మంజూరు చేశారు. ఒక స్త్రీ ఔదార్యం ఆ గ్రంథానికి ఆధారమైందన్న సంగతి మన అక్కాచెల్లెళ్ళు గుర్తుంచుకోదగినది.

మరణ శయ్య దగ్గర చేసిన వాగ్దానం

1914 ఆగస్టులో షిబ్లీ గారి తమ్ముడు, అలహాబాదులో న్యాయవాదిగా ఉన్న ఇస్‌హాఖ్ గారు మరణించారు. ఆ దుఃఖం షిబ్లీ గారిని కుంగదీసింది. నవంబరు నాటికి ఆజంగఢ్‌లో మంచం పట్టారు. సీరత్ మొదటి భాగం చిత్తుప్రతి దాదాపు సిద్ధమైంది. రెండవ భాగానికి రాసిన పుటలు అసంపూర్తిగా ఉన్నాయి. మిగిలినదంతా పథకంగా, సేకరించిన సామగ్రిగా మాత్రమే ఉంది.

ఇక తనకు వ్యవధి లేదని గ్రహించిన గురువు శిష్యులకు తంతి పంపించారు. అప్పుడు సులైమాన్ గారు పూనాలోని దక్కన్ కళాశాలలో అధ్యాపకులు. మంచి ఉద్యోగం, స్థిరమైన జీతం. కబురు అందగానే బయలుదేరి ఆజంగఢ్ చేరుకున్నారు. అప్పటికి గురువుగారి గొంతు దాదాపు పడిపోయింది. ఆయన శిష్యుని చేయి తన చేతిలోకి తీసుకుని, ఇతర పనులన్నీ మాని సీరత్‌ను పూర్తిచేయమని కోరారు. సులైమాన్ గారు కన్నీళ్ళతో మాట ఇచ్చారు. 1914 నవంబరు 18న షిబ్లీ గారు కన్నుమూశారు. శిష్యునికి 30 ఏళ్ళు నిండడానికి ఇంకా నాలుగు రోజులుంది.

మరణ సమయంలో ఇచ్చే మాటలు మనమూ ఎన్నో ఇస్తుంటాం. నలభై రోజులు గడిచేసరికి వాటిలో ఎన్ని గుర్తుంటాయి? సులైమాన్ గారు మూడు రోజులు కూడా ఆగలేదు. నవంబరు 21న మౌలానా హమీదుద్దీన్ ఫరాహీ గారి పెద్దరికంలో శిష్యులంతా సమావేశమై, షిబ్లీ గారు కలగన్న రచయితల సంస్థ 'దారుల్ ముసన్నిఫీన్'కు రూపమిచ్చారు. షిబ్లీ గారు తన బంగళానూ, మామిడి తోటనూ అంతకుముందే ఆ పని కోసం వక్ఫ్ చేసి ఉన్నారు. సులైమాన్ గారు పూనా ఉద్యోగం వదిలేసి, ఆజంగఢ్ అనే ఆ చిన్న పట్టణానికి వచ్చి స్థిరపడ్డారు. 1916లో 'మఆరిఫ్' మాసపత్రికను కూడా అక్కడి నుండే ప్రారంభించారు. బేగం గారు తన సహాయాన్ని శిష్యునికీ కొనసాగించారు.

గురువు మాట గురువుదే, తన మాట తనదే

ఇప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. చిత్తుప్రతిలో కొన్నిచోట్ల ఖాళీలున్నాయి. కొన్నిచోట్ల ఆధారాలు మళ్ళీ చూడవలసి ఉంది. మరికొన్నిచోట్ల అదనపు వివరణ అవసరమైంది. గురువు లేరు, అడిగి తెలుసుకునే వీలు లేదు. ఇటువంటప్పుడు పూర్తిచేసేవాని ముందు రెండు ప్రలోభాలుంటాయి. తన మాటలను గురువు నోట పెట్టి ఆయన పేరు మీద చలామణి చేయడం ఒకటి. గురువు కష్టాన్ని తన ఖాతాలో వేసుకోవడం రెండవది. మొదటిది భక్తిలా కనిపిస్తుంది, రెండవది ప్రతిభలా కనిపిస్తుంది. రెండూ అమానతులో ఖియానతే.

సులైమాన్ గారు రెండింటికీ దూరంగా ఉన్నారు. ఆధారాలను మూలగ్రంథాలతో సరిచూశారు. తాను చేర్చిన వాక్యాలను కుండలీకరణాల మధ్య ఉంచి, అవి తనవని పాఠకునికి ముందే చెప్పారు. ఎక్కడైనా గురువుగారి అభిప్రాయానికి వివరణ గాని సవరణ గాని అవసరమనిపిస్తే ఆ వాక్యాన్ని దిద్దలేదు. అడుగున తన గుర్తుతో సూచిక రాశారు. ఇందువల్ల పొరపాటు ఏదైనా ఉంటే అది ఎవరిదో తెలుస్తుంది. మంచి ఉంటే అది ఎవరి కష్టమో కూడా తెలుస్తుంది. గురువును ప్రేమించడమంటే ఆయన ప్రతి మాటనూ నెత్తిన పెట్టుకోవడం కాదనీ, ఆయన మాటను ఆయనదిగానే భద్రంగా చేరవేయడమనీ ఆ చిన్న గుర్తులు మనకు నేర్పుతాయి.

మొదటి సంపుటం 1918లో, రెండవది 1920లో వెలువడ్డాయి. దైవప్రవక్త (సఅసం) జీవిత ఘట్టాలు, యుద్ధాలు, అంతిమ హజ్, ఆయన సత్ప్రవర్తన వీటిలో ఉన్నాయి. ఇక్కడితో గురువుగారి చిత్తుప్రతి అయిపోయింది. ఇచ్చిన మాట నెరవేరిందని సులైమాన్ గారు కలం పక్కన పెట్టి ఉంటే తప్పుపట్టేవారు ఉండేవారు కాదు. కాని గురువు తలపెట్టిన పని అంతకంటే పెద్దదని ఆయనకు తెలుసు.

1924లో మూడవ సంపుటం వచ్చింది. మహిమల గురించి చర్చించే ఆ సంపుటంలో ఆధునిక తత్వశాస్త్రానికి సంబంధించిన భాగాన్ని ఆయన తానే రాయాలనుకోలేదు. ఆ విద్యలో తనకంటే నిపుణుడైన సహాధ్యాయి మౌలానా అబ్దుల్ బారీ నద్వీ గారి చేత రాయించారు. ఆయన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించిన ఆచార్యులు. తెలియని చోట తెలిసినవారికి కలం అప్పగించడం కూడా అమానతు పాటించడమే కదా!

నాలుగవ సంపుటం 1932లో, ఐదవది 1935లో, ఆరవది ఆ దశాబ్దం చివర్లో వెలువడ్డాయి. ప్రవక్త పదవి, విశ్వాసాలు, ఆరాధనలు, నైతికత వీటిలోని అంశాలు. మూడవ సంపుటానికీ నాలుగవ సంపుటానికీ మధ్య ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆయన ఖాళీగా కూర్చోలేదు. 1920లో ఖిలాఫత్ ప్రతినిధి వర్గంతో లండన్ వెళ్ళినట్లే, 1926లో మక్కాలో జరిగిన ప్రపంచ ముస్లిం సభకు ప్రతినిధి వర్గ నాయకునిగా వెళ్ళారు. 1933లో అల్లామా ఇక్బాల్ గారితో కలిసి కాబూలు వెళ్ళారు. నెలనెలా పత్రిక, సంస్థ నిర్వహణ, ఇతర గ్రంథాలు సరేసరి. 1925లో మద్రాసులో దైవప్రవక్త (సఅసం) జీవితంపై ఎనిమిది ప్రసంగాలు చేశారు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. 'ఖుత్బాతె మద్రాస్' పేరుతో ప్రసిద్ధమైన ఆ గ్రంథం మన పొరుగున చేసిన ప్రసంగాల ఫలమే. ఎక్కడికి వెళ్ళినా, ఏ పని చేసినా తిరిగి వచ్చి కూర్చున్నది మాత్రం సీరత్ ముందే.

అసంపూర్తిగా మిగిలిన చివరి సంపుటం

1943లో ఆయన గురువుగారి జీవిత చరిత్ర 'హయాతె షిబ్లీ'ని వెలువరించారు. 1946లో భోపాల్ సంస్థానానికి ప్రధాన ఖాజీగా వెళ్ళారు. 1950లో కరాచీ చేరారు. ఆరోగ్యం సన్నగిల్లింది. ప్రజల మధ్య వ్యవహారాలు, లావాదేవీలు, పాలన గురించిన ఏడవ సంపుటం కోసం రాసిన కొన్ని అధ్యాయాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. 1953 నవంబరు 22న, 69 ఏళ్ళు నిండిన రోజునే, ఆయన కరాచీలో పరమపదించారు. గురువుకు మాట ఇచ్చి అప్పటికి 39 సంవత్సరాలు.

ఆ అధ్యాయాలు 27 సంవత్సరాలు వేచి ఉన్నాయి. 1980లో మౌలానా అబుల్ హసన్ అలీ నద్వీ గారి ముందుమాటతో ఏడవ సంపుటంగా అచ్చయ్యాయి. వాటిని ప్రచురించినవారు ఖాళీలను పూరించి సంపూర్ణ గ్రంథమని చెప్పుకోలేదు. ఉన్నదాన్ని ఉన్నట్లే ఇచ్చారు. గురువు పట్ల సులైమాన్ గారు పాటించిన నిజాయితీయే చివరికి సులైమాన్ గారి పట్ల కూడా పాటించబడింది.

మనకు పాఠం

అమానతులను హక్కుదారులకు చేర్చమని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది. అమానతు అంటే డబ్బూ నగలే అని మనం అనుకుంటాం. ఇతరుల కష్టం, ఇతరుల మాట, ఇతరుల పేరు కూడా అమానతులే. మన ఇళ్ళల్లో కూడా ఎవరో మొదలుపెట్టి వెళ్ళిన పనులుంటాయి. తాత కట్టించడం మొదలుపెట్టిన మస్జిదు, అమ్మీ నడిపిన చిన్న మక్తబ్, అబ్బాజాన్ తీర్చమని చెప్పి వెళ్ళిన బాకీ. వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడు మనల్ని మనం రెండు ప్రశ్నలు వేసుకుందాం. వారి పనిని వారిదిగానే చెబుతున్నామా? మనం కలిపినదాన్ని దాచకుండా చూపుతున్నామా?

ఇంకొక మాట. పని పూర్తి కాలేదని నిరాశపడవద్దు. షిబ్లీ గారు ఒక సంపుటం కూడా అచ్చులో చూసుకోలేదు. సులైమాన్ గారు చివరి సంపుటాన్ని చూసుకోలేదు. అయినా ఇద్దరి కష్టమూ నేటికీ ఇళ్ళల్లో చదవబడుతోంది. మనిషి మరణించాక కూడా అతనికి పుణ్యం చేర్చేవాటిలో ఇతరులకు మేలు చేసే జ్ఞానం ఒకటని దైవప్రవక్త (సఅసం) మనకు బోధించి ఉన్నారు.

ఆ గురుశిష్యులిద్దరినీ అల్లాహ్ తన కారుణ్యంతో కప్పుగాక! మన చేతుల్లో ఉన్న అమానతులను నిజాయితీగా నెరవేర్చే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.